నాయకులు తినేస్తే దేశానికి ఏటవుతాది? అవినీతి, ఎకానమీ, మిలటరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ ఊరెళ్లినా ఆర్మీలోనో నేవీలోనో సీఆర్పీఎఫ్‌లోనో ఒకరైనా ఉంటారు. పెద్దోడు హైదరాబాదో చెన్నైయో వలస పనికి పోతే చిన్నోడు తెల్లారకుండానే లేచి ఫిజికల్స్‌కి పరుగు ప్రాక్టీస్ చేస్తుంటాడు. అందుకే "ఈళ్లు ఇలాగ తినేస్తే బోర్డర్‌లో ఉన్నోళ్ల సంగతేటి" అన్న మాట మన టీ కొట్ల దగ్గర తరచూ వినిపిస్తాది. ఎక్కువగా అడిగేవాటికి నాకు తెలిసినంతలో జవాబులు రాశాను, కొన్ని పొడుగైపోయాయి, ఓపిగ్గా చదవండి.

రాజకీయ అవినీతి అంటే ఆఫీసులో సర్టిఫికెట్‌కి తీసుకునే ఐదొందలేనా?

అది కూడా అవినీతే గానీ అది కింద మెట్టు. పై మెట్టు ఏటంటే ఏ పని మంజూరు చెయ్యాలి, ఏ కంపెనీకి టెండర్ ఇవ్వాలి, ఏ ఆఫీసర్ని ఏ సీట్లో కూర్చోబెట్టాలి అన్నది ప్రజల అవసరం చూసి కాకుండా ఎవరికి ఎంత ముడుతుందో చూసి తేల్చడం. ఐదొందలు ఇచ్చినోడికి జేబులోంచి పోయినట్టు తెలుస్తాది, పై మెట్టులో పోయింది ఎవరికీ తెలీదు, అందుకే దాని మీద కోపం కూడా రాదు.

డబ్బు దేశంలోనే తిరుగుతాది కదా, తిన్నోడు కూడా ఖర్చు పెడతాడు కదా, మరి నష్టం ఏటి?

ఇది చాలామంది నిజంగానే నమ్మే మాట, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. పది కోట్ల రోడ్డులో మూడు కోట్లు తినేశారనుకోండి, పోయింది మూడు కోట్లే అనుకుంటాం. ఆ రోడ్డు రెండో వానాకాలానికే లేచిపోతే మిగతా ఏడు కోట్లు కూడా పోయినట్టే, పైగా పలాస నుంచి జీడిపప్పు లోడు వేసుకెళ్లే లారీకి టైర్లు పోతాయి, ఆటోవాడికి మెకానిక్ ఖర్చు, పురిటికి తీసుకెళ్లే అంబులెన్స్‌కి అరగంట ఎక్కువ. ఇవేవీ ఎవరి లెక్కలోనూ రాయరు.

ఇంకోటి, పనుల ఎంపికే మారిపోతాది. 1990ల చివర్లో ఐఎంఎఫ్ (దేశాలకి అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి) ఎకనామిస్టులు చాలా దేశాల లెక్కలు తీసి చూస్తే అవినీతి ఎక్కువున్న చోట ప్రభుత్వం కొత్త కట్టడాల మీద పెట్టే ఖర్చు పెరుగుతోంది గానీ ఉన్నవాటి క్వాలిటీ, రిపేర్ల మీద ఖర్చు తగ్గుతోంది అని తేలింది, చదువు మీద పెట్టే ఖర్చు కూడా తగ్గుతోందట. ఆలోచిస్తే అర్థమవుతాది, కొత్త బిల్డింగ్‌లో కమీషన్ ఉంటాది, ఉన్న కాలవలో పూడిక తీస్తే ఎంతొస్తాది, టీచర్ జీతంలోంచి ఎంత నొక్కగలరు?

డబ్బు దేశంలోనే తిరుగుతాదన్నది కూడా నిజం కాదు. నైజీరియాని ఏలిన జనరల్ సానీ అబాచా 1998లో చనిపోయాడు, ఆయన హయాంలో స్విట్జర్లాండ్ లాంటి చోట్లకి తరలించిన డబ్బు ఇరవై ఏళ్లు దాటాక కూడా విడతలు విడతలుగా వెనక్కి వస్తూనే ఉంది. మలేషియాలో 1ఎండీబీ అని దేశాభివృద్ధి కోసం పెట్టిన ఫండ్ నుంచి సుమారు 450 కోట్ల డాలర్లు మళ్లించారని అమెరికా దర్యాప్తు తేల్చింది, దాని అనుబంధ సంస్థ కేసులో ప్రధానిగా చేసిన నజీబ్ రజాక్‌కి 2020లో శిక్ష పడి 2022లో జైలుకెళ్లాడు. ప్రపంచం మొత్తం మీద లంచాల కింద ఏటా ఒకటిన్నర నుంచి రెండు లక్షల కోట్ల డాలర్లు పోతున్నాయని ఐఎంఎఫ్ 2016లో అంచనా వేసింది, అంటే ప్రపంచ ఆదాయంలో సుమారు 2 శాతం.

మన జిల్లాల వలసలన్నీ అవినీతి వల్లే అని నేను అనను, తుపాన్లు, పరిశ్రమలు లేకపోవడం, నీళ్లు, చాలా ఉన్నాయి. కానీ ఇక్కడ పెట్టుబడి పెడదామని వచ్చినోడు ముందుగా "ఎవరెవర్ని కలవాలి" అని అడిగే పరిస్థితి ఉంటే ఆ ఉద్యోగం వేరే రాష్ట్రానికి పోతాది, మన గుంటడు దాని వెనకే రైలెక్కుతాడు.

సైన్యానికీ దీనికీ ఏటి సంబంధం? మిలటరీలో క్రమశిక్షణ ఉంటాది కదా?

ఉంటాది. మన సైనికుల నిజాయితీ మీద నాకు ఏ అనుమానమూ లేదు, మా వీధి నుంచే వెళ్లారు. కానీ సైనికుడి చేతిలో తుపాకీ, కాళ్లకి బూటు, పళ్లెంలో తిండి వచ్చేది సంతకాలు, టెండర్లు, బిల్లుల మీదగానే, ఆ దారిలో ఎక్కడ చిల్లు పడినా చివర్న దెబ్బ తగిలేది ఆయనకే.

ఉపాధి హామీలో దొంగ మస్టర్లు అంటాం చూడండి, పనికి రానోడి పేరు మీద హాజరు వేసి కూలి తీసేసుకుని, చెరువు తవ్వినట్టు రాసేస్తారు. వాన పడి నీళ్లు నిలవకపోతే గానీ ఆ సంగతి బయటపడదు. సరిగ్గా ఇదే పని సైన్యంలో జరిగితే ఏటవుతాదో ఇరాక్‌లో చూశాం. 2014 జూన్‌లో మోసుల్ లాంటి పెద్ద సిటీ ఐసిస్ ఉగ్రవాదుల చేతిలో రోజుల్లో పడిపోయింది, వచ్చినోళ్లు వందల్లోనో మహా అయితే ఒకటి రెండు వేలో, కాపలా ఉన్న సైన్యం కాగితాల మీద దానికి ఎన్నో రెట్లు. అదే ఏడాది నవంబర్ ఆఖర్లో ప్రధాని హైదర్ అల్ అబాదీ పార్లమెంట్‌లో చెప్పాడు, కేవలం నాలుగు డివిజన్లలోనే 50,000 మంది లేని సైనికుల పేర్లు దొరికాయని. అందులో కొందరు అసలు లేనోళ్లు, కొందరు జీతంలో వాటా కమాండర్‌కి ఇచ్చేసి ఇంటి దగ్గర కూర్చునేవాళ్లు.

ఆఫ్గనిస్తాన్ ఇంకా పెద్ద పాఠం. అమెరికా అక్కడి సైన్యం, పోలీసుల మీద ఇరవై ఏళ్లలో సుమారు 8,800 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది, కాగితం మీద 3 లక్షల మంది అన్నారు, 2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. ఆ దేశానికి ఫైనాన్స్ మినిస్టర్‌గా చేసిన ఖాలిద్ పయెందా తర్వాత చెప్పింది ఏటంటే ఆ లెక్కలో ఎక్కువమంది అసలు లేనే లేరు అని. ఉన్నోళ్లకేమో నెలల తరబడి జీతం లేదు, పోస్టుకి తిండి రాదు, తూటాలు రావు. వాళ్లని పిరికోళ్లు అనడం అన్యాయం, వేలల్లో ప్రాణాలిచ్చారు, వాళ్ల వెనకాల ఉండాల్సిందే వాళ్లకి అందలేదు.

నా ఉద్దేశంలో అసలు నష్టం ఇక్కడుంది. డబ్బు పోవడం ఒకెత్తు, దేశానికి తన బలం ఎంతో తనకే తెలియకుండా పోవడం ఇంకోఎత్తు. పైన కూర్చున్నోళ్లు కాగితం చూసి మనకి ఇన్ని లక్షల మంది ఉన్నారు, ఇన్ని రోజులకి సరుకుంది అని నిర్ణయాలు తీసేసుకుంటారు, ఆ నిర్ణయాలకి తగ్గ బలం నేల మీద ఉండదు. ఇది యుద్ధం వచ్చిన రోజున తెలుస్తాది, అప్పుడు సరిచేసుకోడానికి టైం ఉండదు.

బడ్జెట్ పెంచేస్తే సరిపోదా?

చిల్లు పూడ్చకుండా పెంచితే చిల్లులోంచి పోయేది కూడా పెరుగుతాది. అవినీతి ఎక్కువున్న దేశాల్లో సైన్యం మీద ఖర్చు శాతం కూడా ఎక్కువే ఉంటోందని ఐఎంఎఫ్ వాళ్ల స్టడీ 2000 ప్రాంతంలోనే చెప్పింది, ఎందుకంటే రక్షణ కొనుగోళ్లలో రహస్యం ఎక్కువ, అమ్మే కంపెనీలు తక్కువ, ఒక్కో కాంట్రాక్టు విలువ భారీ, ప్రశ్నించేవాళ్లు తక్కువ, ఇంతకంటే తినడానికి వీలైన చోటు ఇంకేముంటాది.

మన దేశానికే వస్తే 2025-26లో రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. వినడానికి చాలా పెద్దది గానీ అందులో జీతాలు, పెన్షన్లు, రోజువారీ ఖర్చులు తీసేస్తే కొత్త విమానాలు, ఓడలు, తుపాకులు కొనడానికి మిగిలేది 1.80 లక్షల కోట్లు, అంటే నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ. కమీషన్లు పడేది ముఖ్యంగా ఈ వాటా మీదే, అందుకే ఇందులో పోయే ప్రతి రూపాయి దెబ్బ మామూలు కంటే గట్టిగా తగులుతాది.

బోఫోర్స్ అంటారు కదా, అది నిజంగా అంత నష్టం చేసిందా? తుపాకీ మంచిదే అంటారు మరి?

తుపాకీ మంచిదే, ఈ కథలో బాధ కలిగించేది కూడా అదే. 1986 మార్చిలో స్వీడన్ కంపెనీ బోఫోర్స్ దగ్గర 410 హోవిట్జర్లు (దూరం కొట్టే పెద్ద ఫిరంగులు, మనోళ్లు తుపాకులే అంటారు) కొనడానికి ఒప్పందం అయింది, విలువ 1,437 కోట్లు. 1987 ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో ముడుపులు ఇచ్చారని బయటపెట్టింది, 64 కోట్లు అని ఆరోపణ. 1989 ఎలక్షన్‌లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం పోయింది, కేసు మాత్రం దశాబ్దాలు నడిచింది, 2004లో రాజీవ్ గాంధీ మీద, 2005లో వ్యాపారవేత్తలు హిందూజా సోదరుల మీద ఆరోపణలని ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. అసలు డబ్బు ఎవరికి చేరిందన్నది కోర్టులో తేలనే లేదు.

అవే తుపాకులు 1999లో కార్గిల్ కొండల మీద శత్రువుల బంకర్లని పగలగొట్టాయి, అవి లేకపోతే మనం ఇంకా చాలామంది పిల్లల్ని పోగొట్టుకునేవాళ్లం. అలాంటి తుపాకులు మరిన్ని కావాలి కదా, మరి ఏటయింది? 410 తర్వాత కొత్త పెద్ద తుపాకీ కొనడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. ఎవరు సంతకం పెట్టినా రేపు సీబీఐ వస్తాదేమోనని భయం, టెండర్లు పిలవడం, రద్దు చెయ్యడం, మళ్లీ పిలవడం. అమెరికా దగ్గర 145 ఎం777 తుపాకులకి ఒప్పందం 2016 నవంబర్‌లో గానీ అవ్వలేదు. బోఫోర్స్ ఒప్పందంతో పాటు వచ్చిన డ్రాయింగులు ఏళ్ల తరబడి అలా ఉండిపోయి, చివరికి వాటి ఆధారంగానే మన ధనుష్ తుపాకీ తయారైంది, ముందే చేసుంటే ఎంత బావుండేది అనిపిస్తాది నాకు.

నేవీకి కూడా ఇలాగే అయిందా?

అయింది. మనకి పక్కనే వైజాగ్‌లో ఈస్టర్న్ నేవల్ కమాండ్ ఉంది, మన పిల్లలు చాలామంది అందులోనే ఉన్నారు కాబట్టి ఇది తెలుసుకోవాలి. 1981లో జర్మనీ కంపెనీ హెచ్‌డీడబ్ల్యూతో నాలుగు సబ్‌మెరైన్లకి ఒప్పందం, రెండు అక్కడ కట్టి రెండు ముంబై మజగావ్ డాక్‌లో మనోళ్లే కట్టారు. 1987లో కమీషన్ల గొడవ బయటికొచ్చింది, తర్వాత కట్టాల్సినవి ఆగిపోయాయి. ముంబైలో కట్టిన రెండోది ఐఎన్ఎస్ శంకుల్ 1994లో నేవీలో చేరింది, ఆ తర్వాత ఆ యార్డ్ నుంచి ఇంకో సబ్‌మెరైన్ నేవీలోకి రావడం 2017 డిసెంబర్‌లో, ఐఎన్ఎస్ కల్వరి. మధ్యలో ఇరవై మూడేళ్లు. సబ్‌మెరైన్‌కి వెల్డింగ్ చెయ్యడం అంటే మామూలు వెల్డింగ్ కాదు, ఆ పని నేర్చిన వాళ్లు రిటైరైపోయారు, చేతిలోకి వచ్చిన విద్య పోయింది, మళ్లీ ఫ్రాన్స్ వాళ్ల దగ్గర మొదట్నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ముడుపు ఎంత అన్నది కోట్లలో చెప్పొచ్చేమో గానీ ఈ ఇరవై మూడేళ్లకి వెల ఎవరు కడతారు?

అంటే స్కామ్ బయటపెట్టడమే తప్పంటారా?

కాదు, ఎంతమాత్రం కాదు. తప్పు చేసినోడ్ని వేగంగా తేల్చి శిక్షించకపోవడం, ఆ కోపంతో కంపెనీనే బ్లాక్‌లిస్ట్ చేసి కూర్చోవడం, ఈ రెండూ కలిసి సైన్యాన్ని దెబ్బకొట్టాయి. కేసు రెండు మూడేళ్లలో తేలిపోతే నిజాయితీగా ఉన్న ఆఫీసర్‌కి భయం ఉండదు. ముప్ఫై ఏళ్లు సాగితే తిన్నోడు ముసలోడై పోతాడు, సంతకం పెట్టాల్సినోడు పెన్ను ముట్టుకోడు.

యుద్ధం జరుగుతున్నప్పుడైనా తినడం ఆపుతారా?

ఆపరు. ఉక్రెయిన్‌లో రష్యాతో యుద్ధం మొదలై ఏడాది కాకముందే, 2023 జనవరిలో, సైనికులకి కొనే కోడిగుడ్డు ఒక్కోటి 17 హ్రివ్నియాలకి (అక్కడి డబ్బు) రాశారని అక్కడి పత్రిక బయటపెట్టింది, షాపులో అప్పుడు 7 ఉంటే. డిప్యూటీ డిఫెన్స్ మినిస్టర్ రాజీనామా చేశాడు, సెప్టెంబర్‌కి మంత్రి రెజ్నికోవ్ కూడా పోయాడు. అదే ఏడాది ఆగస్టులో సైన్యంలో చేరకుండా ఉండడానికి లంచాలు తీసుకుంటున్నారని ప్రెసిడెంట్ జెలెన్‌స్కీ అన్ని ప్రాంతాల రిక్రూట్‌మెంట్ ఆఫీసుల అధిపతుల్నీ తీసేశాడు. అటు రష్యాలో మిలటరీ కట్టడాలు చూసే డిప్యూటీ మినిస్టర్ తిమూర్ ఇవనోవ్‌ని 2024 ఏప్రిల్‌లో అరెస్ట్ చేసి 2025 జులైలో 13 ఏళ్ల జైలు వేశారు. రెండువైపులా ఉందన్నమాట. తేడా ఏటంటే గుడ్డు ధర సంగతి ఒక విలేకరి రాశాడు కాబట్టి కొన్ని రోజుల్లోనే మనిషి మారాడు, రాసే స్వేచ్ఛ లేని చోట అది ఎన్నేళ్లకి బయటికొస్తాదో ఆలోచించండి.

చైనా, కొరియా అవినీతితోనే ఎదిగాయి కదా?

ఎదిగాయి, ఆ మాట ఒప్పుకోవాలి. అక్కడ లంచం తీసుకున్నోడు పని ఆపకుండా చేయించాడు, ఫ్యాక్టరీ లేచింది. కానీ బిల్లు తర్వాత వచ్చింది. కొరియాలో హన్బో అనే స్టీల్ కంపెనీ లంచాలతో బ్యాంకుల దగ్గర మోయలేనన్ని అప్పులు తెచ్చి 1997 జనవరిలో కూలిపోయింది, మే నెలలో ప్రెసిడెంట్ కొడుకే అరెస్టయ్యాడు, డిసెంబర్‌కి దేశం ఐఎంఎఫ్ దగ్గర చెయ్యి చాచింది. దానికి ముందే 1996లో ఇద్దరు మాజీ ప్రెసిడెంట్లకి కోర్టు శిక్ష వేసింది, అంటే ఆ దేశం సరిచేసుకునే పని కూడా చేసింది. చైనాలో వెయ్ ఫెంఘే, లీ షాంగ్‌ఫూ అని వరసగా రక్షణ మంత్రులుగా చేసిన ఇద్దర్నీ లంచాల కేసులో 2024 జూన్‌లో పార్టీ నుంచి వెళ్లగొట్టారు. ఒకప్పుడు ఆయుధాల కొనుగోలు విభాగానికి లీ అధిపతి. అలాంటోడు కొన్న సరుకు ఎంత గట్టిదో వాళ్లకే అనుమానం ఉండాలి.

శ్రీలంక కూడా చూడండి, 2022లో అప్పు కట్టలేక చేతులెత్తేసింది, పెట్రోల్ కోసం జనం రోజుల తరబడి లైన్లో నిలబడ్డారు, 2023 నవంబర్‌లో ఆ సంక్షోభానికి దేశాన్ని ఏలిన రాజపక్స సోదరులు బాధ్యులే అని వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది.

మన చరిత్రలో ఇలాంటిది ఉందా?

1757 అంటే మనకి బొబ్బిలి యుద్ధం గుర్తొస్తాది, జనవరిలో జరిగింది. అదే ఏడాది జూన్ 23న బెంగాల్లో ప్లాసీ. నవాబు సిరాజుద్దౌలా దగ్గర 50 వేల సైన్యం, ఇంగ్లీషోళ్ల ఈస్టిండియా కంపెనీ తరఫున క్లైవ్ దగ్గర 3 వేలు, నవాబు సేనాని మీర్ జాఫర్ ముందే బేరం కుదుర్చుకుని తన దళాలతో కదలకుండా నిలబడ్డాడు. గద్దె మీర్ జాఫర్‌కి, 2,34,000 పౌండ్లు క్లైవ్‌కి. బెంగాల్ పన్నులు కంపెనీ చేతిలోకి పోవడానికి అక్కడే దారి పడింది. కాగితం మీద యాభై వేలు అంటే ఇదే.

ఇండియా ఏ స్థానంలో ఉంది?

దేశాల అవినీతిని లెక్కేసే ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అనే సంస్థ 2024 లిస్టులో 180 దేశాల్లో 96, మార్కులు వందకి 38 (మార్కులు ఎక్కువుంటే అవినీతి తక్కువని). ఇది నిపుణుల, వ్యాపారుల అభిప్రాయాల మీద వేసే లెక్క కాబట్టి ఒక మార్కు పెరిగిందా తగ్గిందా అని కొట్టుకోనక్కర్లేదు.

ఎలక్షన్‌లో రెండు వేలు తీసుకుంటే మేము కూడా కారణమేనా?

పస్తులున్న ఇంటోళ్లని నేను తప్పుపట్టను. కానీ లెక్క చూడండి, ఎమ్మెల్యే క్యాండిడేట్ ఖర్చుకి ఎలక్షన్ కమిషన్ పెట్టిన లిమిట్ 40 లక్షలు. రెండు లక్షల ఓట్లున్న నియోజకవర్గంలో సగం మందికి రెండేసి వేలు పంచితే 20 కోట్లు. ఆ డబ్బు ఇంట్లోంచి తెచ్చాడో, కాంట్రాక్టర్ ఇచ్చాడో, ఎలా తెచ్చినా ఐదేళ్లలో వడ్డీతో లాగాలి, ఇసుకలోనో బిల్లుల్లోనో ట్రాన్స్‌ఫర్లలోనో. ఐదేళ్లకి రెండు వేలంటే రోజుకి రూపాయి పైన పది పైసలు. దానికి బదులు పోయేది ఎంతో చెప్పక్కర్లేదు.

అంతా ఆన్‌లైన్ అయిపోయింది కదా, ఇంకా తినడానికి ఏటుంది?

చాలా మేలు జరిగింది, ఇది ఒప్పుకోవాలి. 1985లో రాజీవ్ గాంధీయే అన్నాడు, ఢిల్లీ నుంచి పంపిన రూపాయిలో పేదోడికి చేరేది పదిహేను పైసలే అని, ఇప్పుడు పెన్షన్ అయినా ఉపాధి కూలి అయినా చాలావరకు నేరుగా వస్తోంది. కానీ డబ్బు అకౌంట్‌లో పడ్డంత మాత్రాన టెండర్ రూల్స్ ఎవరికోసం రాశారో, సిమెంట్‌లో ఎంత ఇసక కలిపారో కంప్యూటర్ చెప్పదు.

సైన్యం ఖర్చుల గురించి అడిగితే దేశద్రోహం అంటారేమో?

అననివ్వండి. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆర్మీ, నేవీ లెక్కల మీద కూడా రిపోర్టులు రాస్తాది, పార్లమెంట్ ముందు పెడతారు, అది రాజ్యాంగం ఇచ్చిన పనే. తుపాకీ ఎక్కడ పెట్టారో అడక్కూడదు గానీ ఎంతకి కొన్నారో అడగొచ్చు. కొడుకుని పంపిన తల్లి కంటే ఆ ప్రశ్న అడిగే హక్కు ఎవరికుంటాది?

ఇక్కడ కూర్చుని మేము చెయ్యగలిగింది ఏటి?

ఊళ్లో జరిగిన పనితో మొదలెట్టండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, పైన 10, తెల్ల కార్డు ఉంటే అదీ అక్కర్లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎస్టిమేట్ కాపీ, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) కాపీ అడగండి, రోడ్డు మందం ఎంత రాశారో చూసి వెళ్లి స్కేల్ పెట్టి కొలవండి. ఉపాధి పనుల సోషల్ ఆడిట్ సభ పెడితే మీటింగేలే అని మానేయకండి, దొంగ మస్టర్లు బయటపడేది అక్కడే.

లంచం అడిగితే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) నంబర్ 1064. ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి, 2018లో చట్టం మారింది, ఇప్పుడు లంచం ఇచ్చినోడిది కూడా నేరమే. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే 7 రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో చెప్తే మీ మీద కేసు ఉండదు. ఆ వారం దాటనివ్వకండి.

మా అబ్బాయికి ఆర్మీ జాబ్ ఇప్పిస్తానని ఒకాయన నాలుగు లక్షలు అడుగుతున్నాడు, ఇవ్వమంటారా?

వద్దమ్మా, వద్దు బాబూ. మన జిల్లాలకి వైజాగ్ ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసే. ముందు ఆన్‌లైన్ పరీక్ష, అందులో పాసైతే పరుగు, మెడికల్, మెరిట్ లిస్ట్. ఆ బ్రోకర్ ఇరవై మంది దగ్గర తీసుకుంటాడు, అందులో నలుగురు సొంత కష్టంతో పాసవుతారు, వాళ్లని నేనే వేయించానని చెప్పుకుంటాడు, మిగతా వాళ్లకి డబ్బు తిరిగి రాదు. పొలం అమ్మి ఇచ్చినోళ్లున్నారు మన దగ్గర. డబ్బుతో ఏదో జరిగినా తర్వాత బయటపడితే పోయేది మీ అబ్బాయి ఉద్యోగం, పైన కేసు. ఆ నాలుగు లక్షల్లో కొంచెం పెట్టి లెక్కలు, జనరల్ నాలెడ్జ్‌కి కోచింగ్ ఇప్పించండి, రోజూ గుడ్డు, పాలు ఇవ్వండి, 1600 మీటర్లు టైం పెట్టి పరిగెత్తించండి. ఆ బ్రోకర్ ఫోన్ చేసినప్పుడు మాటలు రికార్డ్ చేసి పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ ఇవ్వండి, ఇంకో ఇంటి పొలమైనా మిగులుతాది.